ఇద్దరికీ ఒకే మాత్ర

"ఆ కొస కాస్త పట్టుకోండి" అన్నాను. తడిసిన దుప్పటి పిండటం ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాదు. మా ఆయన ఫోనులోంచి తల ఎత్తకుండానే, "రెండు చేతులున్నాయిగా నీకు" అన్నారు. ఉన్నాయి. ఎడమ చెయ్యి పైకెత్తితే చాలు, కాల్చిన తీగని ఎవరో చర్మం లోపల వీపు నుంచి రొమ్ము కిందిదాకా లాగినట్టుండేది. దుప్పటిని గోడకి ఆనించి, కొంచెం కొంచెంగా పిండి, నీళ్ళు కారుతుండగానే తీగ మీద వేశాను. వరండాలో మడుగు కట్టింది. ఎవరైనా జారిపడతారని మా అత్తగారు గుడ్డ తెచ్చి తుడిచారు. తుడుస్తూ తుడుస్తూ ఆగి, ఒక పాదం మీద ఇంకో పాదం రుద్దుకుంటూ నిలబడ్డారు. ఆవిడకి అరికాళ్ళ మంటలు. షుగరు వచ్చి చాలా ఏళ్ళయింది. ఆ ఇంట్లో నొప్పి లేని మనిషి ఒక్కరే, కుర్చీలో కూర్చున్నదీ ఆయనే.

నాకు ఈ నొప్పి సర్పి పోయాక మిగిలింది. పొక్కులు ఎండాయి, పెచ్చులు రాలాయి, చూసినవాళ్ళందరూ తగ్గిపోయిందిగా అన్నారు. తగ్గింది పైపైనే. బట్ట తగిలితే మంట, ఫ్యాను గాలి తగిలితే మంట, ఏదీ తగలకపోయినా ఉన్నట్టుండి సూదులు గుచ్చినట్టు పోట్లు. కట్టు లేదు, వాపు లేదు, చూపించడానికి ఏమీ లేదు. జ్వరమైతే నుదుటి మీద చెయ్యి వేసి చూస్తారు. దీనికి ఎక్కడ చెయ్యి వేస్తారు? "నరాల నొప్పి నీకంటావు, నువ్వు తోడేస్తున్న నరాలు మాత్రం నావి" అని మా ఆయన తన జోకుకి తనే నవ్వుకునేవారు. ఆయన కొరియర్ ఆఫీసులో సూపర్‌వైజరు. రోజంతా మనుషుల మీద అరిచి వస్తారు, ఇంటికొచ్చాక జోకులు వేస్తారు. నేనూ నవ్వేదాన్ని. నవ్వకపోతే మొహం మాడ్చుకుందంటారని.

నేను నోటు పుస్తకాలు తయారుచేసే ప్రెస్సులో కటింగ్ మిషన్ దగ్గర పనిచేస్తాను. కుట్టిన పుస్తకాల దొంతరని కత్తి కిందికి తోసి, అంచులు సరిచూసి, మీట నొక్కాలి. కత్తి దిగితే చప్పుడు కూడా పెద్దగా రాదు, మెత్తగా దిగిపోతుంది. అందుకే అక్కడ పరాకు పనికిరాదు. ఒక మధ్యాహ్నం భోజనాల వేళ బయటపడి, ఒక్కదాన్నే నరాల డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ నా వీపు మీద దూదితో రాసి చూశారు. దూదికే ఉలిక్కిపడ్డాను. "ఇన్నాళ్ళూ ఎలా ఓర్చుకున్నారమ్మా?" అన్నారు. ఎన్ని రకాల మాటలు విన్నానో ఆ నొప్పి గురించి, ఈ మాట మాత్రం వినలేదు. కళ్ళు తుడుచుకుంటుంటే ఆవిడ చూడనట్టు ఊరుకున్నారు.

కిడ్నీలు ఎలా ఉన్నాయి, గుండె జబ్బుందా, కంట్లో ఒత్తిడుందా అని అన్నీ అడిగి, రక్తపరీక్ష చూసి గానీ మందు రాయలేదు. "ఈ మాత్రలో రెండు మందులు కలిసి ఉంటాయి. ఒకటి రెచ్చిపోయిన నరాన్ని సద్దుమణిగేలా చేస్తుంది, రెండోది నొప్పి కబురు మెదడుకి చేరకుండా అడ్డుపడుతుంది. రెండూ మత్తు తెచ్చేవే. పడుకునే ముందు ఒక్కటే వేసుకోండి. మర్చిపోతే మర్నాడు రెండు మింగొద్దు. పొద్దున లేచేటప్పుడు నెమ్మదిగా లేవండి, తూలుతుంది. ఈ మందు మీ ఒంటికి ఎలా పడుతుందో తెలిసేదాకా మిషన్ జోలికి వెళ్ళొద్దు. నిద్రమాత్రలు గానీ, మగత తెచ్చే జలుబు మందులు గానీ నన్నడక్కుండా దీంతో కలపొద్దు" అన్నారు. లేచి నిలబడ్డాక మళ్ళీ పిలిచి, "తగ్గిందని ఉన్నపళంగా మానేయకండి, మానాలంటే మెల్లమెల్లగా నేనే తగ్గిస్తాను. ఇంకొకళ్ళకి మాత్రం ఇవ్వకండి. అచ్చం ఇలాంటి నొప్పే అన్నా సరే" అన్నారు.

కొన్నాళ్ళు మిషన్ మాన్పించి, కాగితాలు మడతపెట్టే బల్ల దగ్గర కూర్చోబెట్టమని మా ప్రెస్సు ఓనరుని అడిగాను. "బళ్ళు తెరిచే ముందేనా నీకు జబ్బులు గుర్తొచ్చేది? మా ఇంట్లో ఆడవాళ్ళకీ ఉన్నాయి నొప్పులు, వాళ్ళేం మంచమెక్కలేదే!" అన్నాడు. ఆయన ఇంటి ఆడవాళ్ళ మీద జాలేసింది. చివరికి, నా వేళ్ళు తెగితే రక్తం అంటి సరుకు పాడవుతుందని తోచిందేమో, ఒప్పుకున్నాడు.

మందు వెంటనే పనిచేయలేదు. నోరు ఎండిపోయేది. పొద్దున్నే గోడ పట్టుకుని వంటగదిలోకి వెళుతుంటే, "తాగొచ్చినదానిలా ఆ నడకేంటి?" అన్నారు మా ఆయన. మత్తు రాను రాను పలచబడింది. ఒకరోజు స్నానం చేసి, బట్టలు వేసుకుని, బస్సెక్కి, ప్రెస్సుకి చేరి, సగం పని అయ్యాక తట్టింది. ఒంటి మీద బట్ట ఉన్న సంగతే పొద్దున్నుంచీ గుర్తు రాలేదు. ఆ గుర్తు రాకపోవడం ఎంత సుఖమో ఎవరికి చెప్పను? పక్కన మడతలు పెడుతున్న అక్కకి చెబితే, "అదృష్టవంతురాలివి, నాకు మా ఆయన గుర్తు రాకుండా ఏదైనా మాత్ర ఉందేమో కనుక్కో" అంది. ఇద్దరం పడీ పడీ నవ్వాం.

ఆ సుఖం మా ఆయన కంట పడింది. "నీకు బాగా పనిచేస్తోందిగా! అమ్మకీ మంటలే కదా, ఒకటి వేసిచూద్దాం" అన్నారు. "వద్దండీ. అత్తయ్య కిడ్నీలు బాగా లేవని షుగరు డాక్టరు చెప్పారుగా. డాక్టరమ్మ గట్టిగా చెప్పారు, ఎవరికీ ఇవ్వొద్దని. అత్తయ్యని తీసుకెళ్ళి చూపిద్దాం" అన్నాను. "తీసుకెళ్ళడానికి సెలవెవడిస్తాడు? వాళ్ళు అలాగే చెబుతారు, మళ్ళీ మళ్ళీ తిప్పుకోవడానికి. మాత్ర మాత్రే, నీ నోట్లోకెళితే మందూ అమ్మ నోట్లోకెళితే విషమూ అవుతుందా?" అన్నారు. నేనింకా ఏదో అనబోతే, "ఇవ్వడం ఇష్టం లేదని చెప్పు, సరిపోతుంది" అన్నారు. ఆ ఒక్క మాటతో నేను పిసినారి కోడలినయ్యాను, ఆయన అమ్మని ప్రేమించే కొడుకయ్యారు. వంటగది గుమ్మంలోంచి చూస్తూనే ఉన్నాను. ఆయన నా మాత్ర తీసి ఆవిడ అరచేతిలో పెట్టారు. ఆవిడ నా వైపు చూడకుండా నీళ్ళు తాగేశారు.

ఆ రోజు నుంచి రోజూ ఆవిడకీ ఒకటి వేస్తుండటంతో అట్టలో మాత్రలు తొందరగా అయిపోవచ్చాయి. మందుల చీటీ మా ఆయన తన జేబులోనే పెట్టుకున్నారు, దారిలో తెస్తానని. ఈ మందు చీటీ లేకుండా ఇవ్వరు. వెళ్ళి అడిగాను కూడా, దుకాణమాయన తల అడ్డంగా ఊపాడు. డాక్టరమ్మ దగ్గరికే వెళదామంటే ప్రెస్సులో గడప దాటనివ్వడం లేదు. "ఇవాళ తెచ్చారా?" అని అడిగితే, "బండి ఆపడానికి చోటు దొరకలేదు" అని ఒకసారి, "గుర్తు చెయ్యొచ్చుగా" అని ఒకసారి. గుర్తు చేస్తే, "పీక్కుతినకు" అని ఇంకోసారి. మిగిలిన నాలుగైదు మాత్రలూ, పెద్దావిడ కాబట్టి ముందు అత్తయ్యకే అన్నారు. నాకు మందు ఆగిపోయింది. కొంచెం కొంచెంగా కాదు, ఉన్నపళంగా.

నొప్పి తిరిగి వస్తుందని తెలుసు. తోడుగా ఇంకేమేమో వస్తాయని తెలియదు. ఒళ్ళంతా చెమటలు, కడుపులో తిప్పు, కన్ను మూతపడదు, కారణం లేకుండా గుండె దడ. మడత పెడుతుంటే కాగితాలు వేళ్ళలో వణికేవి. సరిగ్గా అప్పుడే ఓనరు వచ్చి, "బాగానే ఉన్నావుగా, రేపట్నుంచి మిషన్ ఎక్కు" అన్నాడు. సరేనన్నాను. అనకుండా ఉండటం ఎలాగో నాకు ఎవరూ నేర్పలేదు.

ఇంట్లో అత్తగారు మారిపోతున్నారు. మంటలు తగ్గాయన్నది నిజమే. దాంతోపాటు ఆవిడా తగ్గిపోతున్నారు. కూర్చున్నచోటే కునుకు, పాదాలకి వాపు, మాట ముద్దముద్దగా. నన్ను పట్టుకుని ఎప్పుడో పోయిన వాళ్ళ చెల్లెలి పేరుతో పిలిచారు. "మీ అమ్మగారిని చూడండి, నాకు భయంగా ఉంది" అంటే, "హాయిగా నిద్రపోతోంది, నీ కళ్ళు పడుతున్నాయి" అన్నారు. పైగా జలుబు చేసిందని దగ్గు మందు కూడా పట్టారు. నేను చూసేసరికే సీసా మూత పెట్టేస్తున్నారు.

మర్నాడు పొద్దున టీ పెడుతున్నాను. స్నానాల గదిలో పెద్ద చప్పుడు. పరిగెత్తాను. ఆవిడ గోడవారగా పడి ఉన్నారు, తల పగిలి నెత్తురు. కళ్ళు సగం తెరిచే ఉన్నాయి, నన్ను మాత్రం చూడటం లేదు. ఆవిడ తల ఒళ్ళో పెట్టుకుని "ఏవండీ" అని అరిచాను, నా గొంతేనా అనిపించేంత గట్టిగా.

ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరు అడిగాడు, "ఏమేం మందులు వాడుతున్నారు?" మా ఆయన వెంటనే, "షుగరు మాత్రలే" అన్నారు. "మత్తు తెచ్చేవి ఏమైనా? బాగా గుర్తు చేసుకోండి" అన్నాడు డాక్టరు. మా ఆయన నా వైపు తిరిగి, "ఇంట్లో మందుల సంగతంతా ఈవిడే చూసుకుంటుంది" అన్నారు. డాక్టరూ నర్సూ నన్నే చూస్తున్నారు. మొగుడి మాట పదిమందిలో తీసెయ్యకూడదని చిన్నప్పుడు ఒంటికి పట్టించిన పాఠం నా నాలుకని పట్టుకుంది. మంచం మీద అత్తగారి ఊపిరి ఆగి ఆగి వస్తోంది. "నా మాత్రలు వేశారండీ. నరాల నొప్పివి, రెండు మందులు కలిసినవి. నిన్న దగ్గు మందు కూడా. ఆవిడకి కిడ్నీలు బాగాలేవు" అన్నాను. ఎవరు వేశారో చెప్పలేదు. అడిగి ఉంటే చెప్పేదాన్నో లేదో నాకే తెలియదు.

డాక్టరు బయటికెళ్ళగానే మా ఆయన పళ్ళ మధ్య నుంచి అన్నారు, "నీ మందు నువ్వు జాగ్రత్తగా పెట్టుకోవాలా వద్దా?"

కొన్నాళ్ళకి అత్తగారికి తెలివి నిలకడకి వచ్చింది. గంజిలాంటిదేదో చెంచాతో పడుతుంటే, నా మణికట్టు పట్టుకున్నారు. "ఆ మాత్ర నీదని తెలుసమ్మాయ్. తెలిసే మింగాను" అన్నారు. చెంచా గిన్నెలో పెట్టేశాను. "ఎన్నేళ్ళ నుంచో వాణ్ణి అడుగుతున్నా, ఎవరికైనా చూపించరా అని. వాళ్ళ నాన్ననీ అడిగాను ఆయనున్నప్పుడు. ఇన్నాళ్ళకి వాడంతట వాడే చేతిలో ఒక మాత్ర పెట్టాడు. నీకు లేకుండా పోతుందని తెలుసు. అయినా మింగాను. ఆ మంట అలాంటిది." ఆవిడ ఏడవలేదు. నాకు రావలసినంత కోపం రాలేదు. నా వయసులో ఉన్నప్పటి నుంచీ ఆవిడ అడుగుతూ వచ్చిన ఆ మాట, ఆవిడ వయసు వచ్చేదాకా నేనూ అడుగుతూ ఉంటానని కళ్ళకి కట్టింది.

ఆ సాయంత్రం మా ఆయన వచ్చి, "ఇంటికి పద, వంట చెయ్యాలి. ఇక్కడ నర్సులున్నారుగా" అన్నారు. "మీరు కూర్చోండి అత్తయ్య దగ్గర. నాకు పనుంది" అన్నాను. ఆయన ఏదో అంటూనే ఉన్నారు. నేను నరాల డాక్టరమ్మ దగ్గరికి బయల్దేరాను.

ఆవిడ అంతా విన్నారు. తిట్టలేదు. ఇన్నాళ్ళు ఆగింది కాబట్టి పాత మోతాదు ఒక్కసారిగా వేసుకోకూడదన్నారు, మళ్ళీ తక్కువ నుంచి మొదలుపెట్టాలన్నారు. నొప్పి అణగడానికి టైము పడుతుంది, అందాకా మిషన్ ఎక్కొద్దన్నారు. ప్రెస్సులో ఏమంటారో నాకు తెలుసు, ఆవిడకి చెప్పలేదు. చీటీ నా చేతికే ఇస్తూ, "ఈసారి మీరు తప్ప ఇంకెవరూ తియ్యలేని చోట పెట్టుకోండి మాత్రలు" అన్నారు.

అలాంటి చోటు కోసం, ఆవిడ ఎదుట కూర్చునే కళ్ళు మూసుకుని మనసులో ఇల్లంతా తిరిగాను. బీరువా తాళం ఆయన దగ్గర. వంటగది అరలు అందరివీ. నా చేతిసంచీ చిల్లర కోసం ఎవరంటే వాళ్ళు తెరుస్తారు. నా తలగడ కింద కూడా ఆయన ఫోను చార్జరు ఉంటుంది. పెళ్ళయిన నాటి నుంచీ తుడిచీ తుడిచీ ప్రతి మూలా తెలిసిన ఇల్లు అది.

"ఆ ఇంట్లో అలాంటి చోటు లేదు డాక్టరుగారూ," అన్నాను, "మాత్రలకీ, నాకూ వేరే చోటు వెతుక్కుంటాను."