మధ్యగది నిశ్శబ్దం

"అమ్మాయ్, పాలు పొంగుతాయేమో చూడు!"

అత్తగారి గొంతు హాల్లోంచి బయల్దేరి, మూసిన తలుపుకింది సందులోంచి దూరి, సరిగ్గా మైకులో పడింది. చెవులాయన హెడ్‌ఫోన్లు మెల్లగా దించాడు. షూటింగుల్లో సౌండు చూసుకునే మనిషి. అందరూ ఆయన్ని చెవులాయన అనే పిలుస్తారు.

"పోయిందమ్మా" అన్నాడు.

"అయ్యో. ఇంకోసారి చేద్దాం, అన్నా" అంటూ సినిమా తీస్తున్న కోడలు అలవాటుకొద్దీ లేచి పాలు చూడ్డానికి వెళ్ళింది. 

సినిమావాళ్ళకి ఇదో పని ఉంటుంది. షూటింగంతా అయిపోయాక, ఏ గదిలో మాటలు తీశారో ఆ గదిలో మైకు పెట్టి, ఎవరూ కదలకుండా, కాసేపు ఉత్త నిశ్శబ్దాన్ని పట్టుకెళ్తారు. నవ్వకండి. ఏ గది నిశ్శబ్దం దానిదే. రెండు మాటల మధ్య ఆ గది నిశ్శబ్దమే పరచాలి, లేకపోతే వినేవాడికి నడుస్తూ నడుస్తూ గుంటలో కాలేసినట్టుంటుంది. కథ ఇంటిది కాబట్టి ఆవిడ తన ఇంట్లోనే సినిమా తీసింది. ముసలమ్మ వేషానికి అత్తగారినే కూర్చోబెట్టింది. అంతా అయింది. మధ్యగది నిశ్శబ్దం ఒక్కటీ దొరికితే చెవులాయన పెట్టె సర్దుకోవచ్చు.

ఇది ఆవిడ రెండో సినిమా. సినిమాలకంటే ముందునుంచీ టీవీలో వారం వారం మనుషుల్ని కూర్చోబెట్టి మాట్లాడిస్తోంది. రాతిని కూర్చోబెట్టినా రెండు మాటలు చెప్పిస్తుందని పేరు. ఆవిడ గొంతంటే జనం చెవి కోసుకుంటారు. కూరగాయల సంచీతో కనపడితే సంచీ పక్కన పెట్టించి మరీ ఫొటో దిగుతారు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఆ మాటన్న పెద్దమనిషికి వేళకింత అన్నం ఎవరో వండి పెట్టే ఉంటారు. ఆవిడ ముందు రచ్చే గెలిచింది. ఏం చేస్తుంది, ఇంట్లో ఆవిణ్ణి పోటీకి పిలిచినవాళ్ళు లేరు, పనికే పిలిచారు.

మొదటి సినిమా ఆడినప్పుడు ఓ పెద్ద నిర్మాత దగ్గరికొచ్చి, "బాగుందమ్మా, వెనకుండి తీయించిందెవరు?" అనడిగాడు. ఆవిడ నవ్వింది. అది టీవీ నేర్పిన నవ్వు, లోపల ఎక్కడ తగిలిందో పైకి తెలియదు. ఇంటికొచ్చి చెబితే వాళ్ళాయన పడీపడీ నవ్వాడు. "నేనేనని చెప్పకపోయావా, నాకూ ఓ దండ పడేది!" చెడ్డవాడు కాదు. ఆవిడ ప్రోగ్రాం వస్తుంటే ఇంట్లో ఎవర్నీ మాట్లాడనివ్వడు. "ష్, వినండి" అంటాడు. పక్కనే కంచం పట్టుకు నిలబడి ఆవిడే ఏదైనా అనబోయినా సరే, "ష్" అంటాడు.

నవలలు కూడా రాసింది, రెండు. వాటిలో అధ్యాయాలు చిన్నచిన్నవి. అదేదో కొత్త శిల్పమని పత్రికల్లో మెచ్చుకున్నారు. శిల్పమూ లేదు, బొమ్మా లేదు. పొయ్యిమీద కూర ఉడికేలోపు ఎంత రాస్తే అంత అధ్యాయం. మేకప్ వేసే అమ్మాయి కళ్ళు మూసుకోమనేదాకా ఇంకొకటి. ఇప్పుడు మూడో నవలకి చివరి అధ్యాయం మిగిలింది. అది మాత్రం మొండికేసింది. ముక్కలుగా రానంటుంది. వస్తే ఒక్క ఊపిరిలో వస్తానంటుంది, లేకపోతే నీ ఖర్మ అంటుంది. చాన్నాళ్ళుగా ఆ కాగితాలు మధ్యగది బల్లమీదే ఉన్నాయి. ఓ రోజు ఆయనతో అంటే, పాపం ఆశ్చర్యపోయాడు. "నిన్ను రాయొద్దని ఎవరన్నారోయ్? హాయిగా రాసుకో. మధ్యలో పిలిస్తే ఒక్కసారి పలకడానికేం నొప్పి?"

నిజమే, పలకడానికేం నొప్పి. కుండకి ఒక్క చిల్లే కదా అన్నట్టుంది. ఎలా చెప్పాలో ఆవిడకి తెలియలేదు. ఊరందరి చేతా మాట్లాడించే మనిషికి, ఆ ఒక్క మాట ఇంట్లో పెగల్లేదు.

పాలు దించి వచ్చింది. తలుపేసింది. చెవులాయన వేలెత్తాడు. గది సద్దుమణిగింది.

"ఇదిగో! టవలేదీ?" స్నానాలగదిలోంచి ఆయన.

మళ్ళీ మొదలుపెట్టారు.

"అమ్మా, నా ఛార్జర్ తీశావా?" మేడమీంచి కూతురు.

చెవులాయనకి నవ్వాగలేదు. "నేను అడవుల్లో రికార్డు చేశానమ్మా, బజార్లలో చేశాను. ఇలాంటి ఇల్లు చూళ్ళేదు. మీ గోడలకి నోరుంటే అవీ మిమ్మల్నే పిలిచేట్టున్నాయి."

ఆవిడా నవ్వింది. నవ్వుతూనే హాల్లోకి వెళ్ళి నిలబడింది. షూటింగులో కేకేసే గొంతుతో, "అందరూ వినండి. నేను లోపలుంటాను. నన్ను పిలవకూడదు" అంది.

"పిలిస్తే?" తల తుడుచుకుంటూ ఆయన.

"పలకను."

"ఇల్లు అంటుకుంటే?"

"ఆర్పండి."

"అబ్బో, డైరెక్టరమ్మా!" అని ఆయన వొంగి దండం పెట్టాడు. అత్తగారు మాత్రం నవ్వలేదు. షూటింగులో అలవాటైనట్టు, నోటిమీద వేలేసుకుని కుర్చీలో సర్దుకు కూర్చుంది.

ఈసారి నిశ్శబ్దం వచ్చింది.

మొదట ఆవిడ ఒళ్ళంతా చెవులు చేసుకుని ఎవరు పిలుస్తారా అని బిగుసుకుని కూర్చుంది. ఎవరూ పిలవలేదు. వంటింట్లో ఏదో చుయ్యిమంది. ఆవిడ మోకాళ్ళు వాటంతటవే లేవబోయాయి. చేత్తో అదిమిపట్టింది. అత్తగారి చెప్పులు నేలమీద ఈడ్చుకుంటూ వెళ్ళడం, పొయ్యి మీట టక్కుమనడం వినిపించింది. ఆయన మునివేళ్ళమీద నడిచెళ్ళి బీరువా తెరిచాడు. చొక్కా ఎక్కడుంటుందో ఆయనకి తెలుసన్నమాట! మేడమీద ఏదో సొరుగు తెరుచుకుంది, మూసుకుంది. ఛార్జర్ దొరికినట్టుంది. ఇల్లు కూలలేదు. తనవాళ్ళందరూ దొంగల్లా అడుగులో అడుగేసుకుంటూ, తనకోసం, తన పని చెడకూడదని నోరు కట్టుకుని తిరుగుతున్నారు. ఆవిడకి వాళ్ళమీద ఒక్కసారిగా ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందంటే కళ్ళు తడయ్యాయి. ఆ వెనకే కోపమూ వచ్చింది. ఇంత సులువా? ఇన్నేళ్ళూ ఇది చేతనయ్యుండీ చెయ్యలేదా? సినిమాకైతే నిశ్శబ్దం కావాలి, మైకుకి కావాలి. నాకు కావాలని నేనెప్పుడైనా అడిగానా? అడగాలా? ప్రేమ, కోపం ఒకదాన్నొకటి తోసుకుంటుంటే, వాటి మధ్యలోంచి ఎవరూ పిలవకుండానే ఓ వాక్యం వచ్చింది. చివరి అధ్యాయంలో మొదటి వాక్యం. చుట్టంలా తలుపు తట్టలేదు. ఇంటిమనిషిలా వచ్చి పక్కన కూర్చుంది.

చెవులాయన హెడ్‌ఫోన్లు తీశాడు. "చాలమ్మా. బంగారంలా వచ్చింది" అన్నాడు గుసగుసగా.

"నాకు చాల్లేదన్నా" అంది ఆవిడ, అంతకంటే మెల్లగా.

చెవులాయన ఆవిడ మొహం చూశాడు. బల్లమీది కాగితాలు చూశాడు. వైర్లు చుట్టి, పెట్టె చప్పుడు కాకుండా మూసి, పెరటివైపు తలుపులోంచి పిల్లిలా వెళ్ళిపోయాడు. ఆవిడ కుర్చీ ముందుకు జరుపుకుంది. ఒక కాగితం నిండింది, రెండోది నిండింది. కూర ఉడికేంత సేపు దాటిపోయింది. కలం ఆగలేదు.

ఎండ గదిలో ఈ గోడమీంచి ఆ గోడమీదికి జరిగాక, హాలువైపు తలుపు కొద్దిగా తెరుచుకుంది. అత్తగారు తల లోపలికి పెట్టింది. మైకు లేదు. చెవులాయన లేడు. కోడలు కాగితాలమీదికి వొంగిపోయి ఉంది, తలెత్తలేదు. ముసలావిడ కాసేపు అలాగే నిలబడి చూసింది. తర్వాత తలుపు వేలంత సందైనా లేకుండా దగ్గరికి లాగింది.

"అయిపోయిందా అమ్మా?" ఆయన గొంతు. "టీ పెట్టమని చెబుదాం."

"ష్!" అంది అత్తగారు. "కట్ చెప్పాల్సింది డైరెక్టరురా. ఇంకా చెప్పలేదు. వెళ్ళి నువ్వు పెట్టు. నాకు చక్కెర తక్కువెయ్యి."