అమావాస్య రోజు పెట్టించిన మీటింగు

పార్కు మీటింగు అమావాస్య రోజు పెట్టించింది నేనే. ఇంకొకరి మీదికి తోసేద్దామన్నా మనిషి దొరకడు. ఎమ్మిగనూరులో మా నేతగాళ్ల కాలనీ సంఘానికి కార్యదర్శిని నేను. పేరు మధుసూదన్, వయసు అరవై రెండు. బుద్ధి ఎంతుందో ఇది విన్నాక మీరే చెప్పండి.

కాలనీ వెనకున్న ఖాళీ జాగాలో పార్కు కట్టాలంటే ముందు జనం అభిప్రాయం తీసుకోవాలట. "అందరూ దొరికే రోజు ఒకటి చెప్పండి" అని మున్సిపాలిటీ ఇంజినీరు ఫోన్ చేశాడు. అమావాస్య అన్నాను. మా వాళ్లు ఆ రోజు మగ్గం ముట్టరు, అందరూ తీరిగ్గా ఉంటారు. అందులో అబద్ధం ఏమీ లేదు. కానీ అమావాస్య రోజు ఆ జాగాలో ఒక్క పోగు కూడా కనబడదని కూడా నాకు తెలుసు. మగ్గాల ఇంట్లో పుట్టినవాణ్ని, నాకు తెలియకపోవడమేమిటి?

మిగతా రోజుల్లో తెల్లారేసరికి ఆ జాగాలో బసప్ప ఉంటాడు. మా వీధి చివరి ఇల్లు అతనిది. మగ్గానికి ఎక్కించే నిలువు పోగుల్ని పడుగు అంటాం. దాన్ని ఆరుబయట ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చాపి, గంజి పట్టించి, కుంచెతో దువ్వి, ఎండ ముదరకముందే ఆరబెట్టి చుట్టెయ్యాలి. ఇప్పుడు అందరూ మిషన్ మీద తయారైన పడుగు తెచ్చుకుంటున్నారు. బసప్ప, అతని భార్య దేవమ్మ మాత్రం ఇంకా చేత్తోనే చేసుకుంటారు. వాళ్ల చీరలకున్న గిరాకీ అంతా ఆ చేతి గంజి వల్లనే. ఆ జాగా పోతే వాళ్ల మగ్గం ఆగిపోతుంది. ఇదీ నాకు తెలుసు.

అన్నీ తెలిసి ఏం రోగం నాకు? షుగర్ రోగం! ఆదోని డాక్టరు రోజూ గంటసేపు నడవమన్నాడు. రోడ్డు మీద నడుద్దామంటే ఆటోలు, కుక్కలు. జాగాలోకి పోతే "అన్నా, కొంచెం పక్కనుంచి పో, పోగులు తెగుతాయి" అంటాడు బసప్ప. ఒకరోజు నా కాలు తగిలి నిజంగానే తెగాయి. నన్ను ఒక్క మాట అనకుండా కింద కూర్చుని ఒక్కో పోగూ ముడేసుకున్నాడు. తిట్టినా బాగుండేది. ఆ ఓపిక చూస్తే నాకు ఇంకా ఒళ్లు మండింది. చదునుగా రాళ్లు పరిచిన దారి, పక్కన చెట్లు, ఎవరూ పక్కకు పొమ్మనకుండా నేను నడవడం, ఆ రోజు నుంచి అదొక్కటే నా కళ్ల ముందు ఆడింది.

మీటింగుకు ముందు రోజు సాయంత్రం బసప్ప మా ఇంటికి వచ్చాడు. లోపలికి రమ్మన్నా రాలేదు, గడప దగ్గరే నిలబడ్డాడు.

"అన్నా, ఆపీసర్ల ముందర నాకు మాట రాదు. పడుగుకు ఒక పక్కన జాగా ఇడవమని నువ్వే సెప్పల్ల. పొద్దన్నే రెండు గంటలు సాలు. ఆ తర్వాత అంతా పార్కోళ్లదే."

"దానికేముందప్పా, నేను సెప్తా లే" అన్నాను. చెప్పాలనే అనుకున్నాను. ఒట్టు, మీటింగు మొదలయ్యేదాకా అదే అనుకున్నాను.

జాగా పక్కనే షామియానా వేశారు. మీటింగుకు నలభై మంది దాకా వచ్చారు. ఆడవాళ్లు ఉయ్యాలలు కావాలన్నారు. దర్జీ మున్వర్ తాగేనీళ్ల కుళాయి అడిగాడు. నేను లేచి నడకదారి అడిగాను, అందరూ చప్పట్లు కొట్టారు. అప్పుడు ఇంజినీరు జాగా వైపు ఒకసారి చూసి, "ఈ స్థలాన్ని ఇప్పుడు ఎవరైనా వాడుకుంటున్నారా?" అని అడిగాడు.

బసప్ప వెనక షామియానా గుంజ పట్టుకుని నిలబడి ఉన్నాడు. జాగా వైపు చూడలేదు, నా వైపే చూశాడు.

"ఇప్పుడెవరున్నారు సార్, అందరిదీ మిషన్ పడుగే" అన్నాను.

ఛీ, నా నోరు పడిపోను. ఎంత సులువుగా వచ్చేసిందా మాట! "చూస్తేనే తెలుస్తోంది లెండి" అన్నాడు ఇంజినీరు, ఖాళీ జాగాను చూస్తూ. స్థలం నిరుపయోగంగా ఉన్నదని తీర్మానంలో నా చేత్తోనే రాశాను. సంతకాలకు కాగితం తిరిగింది. అది బసప్ప దగ్గరికి చేరేసరికి నేను ఫోన్ తీసి ఏదో చూసుకుంటున్నట్టు తల దించుకున్నాను. అతను నింపాదిగా చదివి, సంతకం పెట్టి, పక్కవాడికి అందించాడు.

రెండు నెలల్లో జాగా చుట్టూ కంచె లేచింది. బసప్ప రెండు మూడు రోజులు వీధిలోనే పడుగు చాపి చూశాడు. ఒక ఆటో దాని మీద నుంచే పోయింది. ఆ తర్వాత వాళ్ల ఇంట్లో మగ్గం చప్పుడు వినబడలేదు. నేను ఆ వైపు పోవడం మానేశాను.

ఒకరోజు దేవమ్మ మా ఇంటికి జొన్నరొట్టెలు తెచ్చింది.

"షుగర్‌కు మంచివంటన్నా, తిను" అంది. "మా కోసరం మీటింగులో శానా కొట్లాడితివంట గదా. ఆ ఇంజినీరే ఇనలేదంట. మా ఆయన అంతా సెప్పినాడు. పోనీలే, నువ్వు మాత్రం ఏం సేస్తావు? ఈ ఈదిలో మా కోసరం నోరు తెరిసేటోడు ఒకడన్నా ఉండాడు, మాకదే సాలు."

తుంచిన రొట్టె ముక్క పళ్లెంలోనే పెట్టేశాను. నేనన్న మాట బసప్ప తన చెవులతో విన్నాడు. మరి పెళ్లానికి ఇట్లా ఎందుకు చెప్పాడు? నా పరువు కాపాడడానికా? నేను ఎవర్నని? సిగ్గుతో చచ్చిపోయాను. ఆ రాత్రీ, ముందు రాత్రుల్లాగే, కంటికి కునుకు లేదు.

మర్నాడు మున్సిపాలిటీ ఆఫీసుకు పోయాను. "సార్, ఆ రోజు నేను అబద్ధం చెప్పాను. బసప్ప పడుగుకు ఒక పక్కన పొడవునా మూడు గజాల వెడల్పు వదలండి" అని బతిమాలాను. ఇంజినీరు ఫైలు తీసి నా రాత నాకే చూపించాడు. "మీరే రాశారు, ఆయనే సంతకం పెట్టాడు. పని సగం అయిపోయింది. ఇప్పుడొచ్చి చెబితే ఎట్లా?" అన్నాడు. ఆయన అన్నదాంట్లో తప్పేముంది?

అక్కణ్నుంచి నేరుగా బసప్ప ఇంటికి పోయాను. అతను మగ్గం తాళ్లు విప్పుతున్నాడు. దేవమ్మ పక్కన కూర్చుని వాటిని చుట్టలు చుడుతోంది. కూర్చోమంది. నేను కూర్చోలేదు.

"దేవమ్మా, నేను కొట్లాడలేదు. అసలు అడగనే లేదు. ఆ జాగా ఎవరూ వాడట్లేదని సెప్పినోన్ని నేనే. రాసినోన్నీ నేనే. నేను నడసడానికి దారి కావాలని సేసినా."

చెప్పెయ్యగానే గుండెల మీది బరువు దిగింది. చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది గానీ, నిజంగానే హాయిగా ఊపిరి తీసుకున్నాను.

దేవమ్మ మొగుడి వైపు తిరిగి, "నీకు తెల్సునా?" అంది. బసప్ప తలూపాడు. ఆమె చేతిలో తాడు కింద పెట్టి లోపలికి పోయింది.

బసప్ప నా వెంట వీధిలోకి వచ్చాడు.

"ఎందుకు సెప్తివన్నా?"

"తట్టుకోలేకపోతి అప్పా. మూడు నెల్లుగా నిద్ర లేదు."

"నీకు నిద్ర లేదని ఆమెకు సెప్తివా?" గొంతులో కోపం కూడా లేదు. "మగ్గం ఎట్లనూ పాయె. మన తరపున ఒకడు నిలబడినాడని ఆమె పొద్దున లేస్తే అనుకుంటాండె. ఆ ఒక్క మాట పట్టుకోనే ధైర్యంగా ఉండె. అందుకే నేను అబద్ధం సెప్పింటి. జాగా తీసుకుంటివి. ఆ ధైర్యాన్ని గూడా తీసుకుంటివి గదన్నా."

అతను లోపలికి పోయి తలుపు దగ్గరికి వేశాడు. నేను వీధిలోనే నిలబడిపోయాను. లోపల దేవమ్మ ఏడుపు మొదలైంది. జాగా పోయిన రోజు కూడా ఆమె ఏడవడం నేను వినలేదు.