పేరు గడి

లేదంటే ఎట్లా లేదు, పుట్టిన పిల్ల పుట్టకుండా ఎట్లా పోతుంది, కిటికీ అవతల నిలబడే ఉంది కదా, రెండు జడలు, తెల్ల రిబ్బన్లు, పదేళ్లది, పక్కన తల్లి భీమవ్వ, బీడీలు చుట్టి చుట్టి పొగాకు వాసన పట్టిన వేళ్లతో కిటికీ ఊచ పట్టుకుని, సారూ మంచిగ సూడుండ్రి, గురుకులంల సీటొచ్చింది, పుట్టిన కాయితం ఇయ్యాల్నే గావాల్నట, లేకుంటే సీటు ఇంకొగలకు ఇస్తరట అంటోంది, రికార్డుల గుమాస్తా సత్యానందం చూస్తూనే ఉన్నాడు, కంప్యూటర్ తెర మీద తొంభై రెండు ఆగస్టులో మగపిల్లలు వరసగా ఉన్నారు, ఆడపిల్లలు అక్కడొకరు ఇక్కడొకరు, భీమవ్వ కూతురు మాత్రం లేదు, కానీ ఆయనకు బాగా గుర్తుంది, తన చేత్తోనే రాశాడు, మంత్రసాని గంగవ్వ వానలో తడుస్తూ వచ్చి, చెరుకు నరికే రామస్వామి ఇంట్ల, భీమవ్వకు ఆడపిల్ల సారూ, పేరింక పెట్టలే అంది, ఆయన పేరు గడి ఖాళీగా వదిలాడు, ఎప్పుడూ అంతే, ఇరవై ఒకటో రోజు పేరు పెట్టుకున్నాక వచ్చి రాయించుకుంటారని, మగపిల్లలకైతే బడిలో వేసేటప్పుడు తండ్రులు వచ్చి రాయించారు, ఆడపిల్లల గడులు అట్లాగే ఉండిపోయాయి.

అన్నా, పేరు గడి నింపకుంటే కంప్యూటర్ ముందటికి పోనియ్యది, పక్క కుర్చీలోంచి ఆపరేటర్ లక్ష్మీరాజం మొహం తిప్పకుండా చెబుతున్నాడు, కంప్యూటర్ రికార్డులు సురువు జేయ మంత్రి వచ్చే తారీకు మీదికొచ్చె, గందుకే గసొంటియి ఇడిసిపెట్టిన, ఎన్ని ఇడిసినవ్ తమ్మీ, యాదికి లేదన్న, యాదికి లేదట, పాత రిజిస్టర్లు కంప్యూటర్లోకి ఎక్కించిన ఎనిమిది నెలలూ ఇద్దరూ ఒకే టిఫిన్ డబ్బాలో తిన్నారే, ఇంట్లో భార్య శారమ్మ వీడికోసమని రెండు రొట్టెలు ఎక్కువ కట్టేదే, వీడి ఉద్యోగం పర్మనెంటు కావాలని చర్చిలో పేరు పెట్టి ప్రార్థన చేశాడే, రిజిస్టరు తను చదివేవాడు, వీడు కొట్టేవాడు, అన్నీ సరిపోయినయన్న, గీడ సంతకం పెట్టు అంటే సరిచూశాను అని రాసి మరీ పెట్టాడు, ఆ సంతకం చూపించే పెద్దసారు పాత రిజిస్టర్లు చెదలు పట్టాయని చిత్తు కాగితాల లారీకెత్తించాడు, ఇప్పుడు చేత్తో రాసిన కాగితం ఎక్కడా చెల్లదు, కొత్తగా నమోదు చేయించాలంటే ఆర్డీఓ ఆఫీసు చుట్టూ నెలలు తిరగాలి, ఎంత మోసం, వీడి చెంప పగలగొట్టాలని ఉంది, చెయ్యి లేవడం లేదు.

గీ డబ్బల కనవడకుంటే నా బిడ్డ లేనట్టేనా సారూ, భీమవ్వ కిటికీ ఊచ వదలడం లేదు, నీ పేరేంటమ్మా అని పదేళ్లకు అడిగాడు, నాగమణి సార్ అంది పిల్ల, బడిలో హాజరు పలికినట్టు, ఆ పేరు పెట్టడానికి తెర మీద చోటు లేదు, చెరుకు కాలం అయిపోయి బయట బోధన్ రోడ్డు ఖాళీగా ఉంది, ఒక్క బండి చప్పుడైనా లేదు, అప్పుడు కూడా గదిలో వేరే చప్పుడు ఉండేది కాదు, ఆ ఎనిమిది నెలలూ, మీటలు టకటకమంటూ ఉండేవి, ఆడపిల్ల, పేరు ఖాళీ అని తను చదవగానే ఆగిపోయేవి, ఆ కాస్త నిశ్శబ్దంలో తను కళ్లద్దాలు తుడుచుకుని, తర్వాతి వరస చదివేవాడు, మళ్లీ టకటక, వీడు దాచింది ఏముంది, పక్కనే కూర్చుని వదిలేశాడు, తల తిప్పితే తెర కనిపించేది, తను తిప్పలేదు, ఆ మీటలు ఆగడం ప్రతిసారీ విన్నాడు.