రెండు పిడికిళ్ళు

మొగుడు ప్రకాశం పోయిన ఈ మూడేళ్ళూ కృపమణి తెల్లవారుజామున మూడింటికే లేచేది. సంగటి గెలికి, క్యారియర్ కట్టుకుని, ఆరింటికల్లా బద్వేలు రోడ్డు మీద కూలీల ఆటో ఎక్కేది. మొన్న పసుపు చేలో కళ్ళు తిరిగి పడిపోయింది. "ఇంగోసారి పడితే ఆటో ఎక్కొద్దుమ్మా" అని మేస్త్రి పెద్దన్న తేల్చి చెప్పాడు. దాంతో రాత్రికీ మరుసటి పొద్దుటికీ సరిపడా సంగటి చేసే పని పదకొండేళ్ళ కూతురు మహిమకు అప్పగించింది.

వాళ్ళ చర్చి సంఘంలో వండే ఆడవాళ్ళు ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి డబ్బాలో వేస్తారు. ఆదివారం అది గుడికి పోతుంది. కృపమణి కూతురికి ఆ పిడికెడూ అప్పగించింది. అప్పగించడమంటే నోటితోనే, చేతులు ఊరుకుంటేగా! ఒళ్ళు హూనమై ఇల్లు చేరి కూడా, పిల్లను నీళ్ళకు పంపి, గడ్డకట్టిన సంగటిని మళ్ళీ గెలికేది. తోమిన గిన్నెలే తోమేది. పిల్ల మరిచిపోయి ఉంటుందిలే అని డబ్బాలో తన పిడికెడూ వేసేది.

శనివారం మహిమ డబ్బా మూత తీసింది.

"మా, నేనేసింది ఇన్ని బియ్యం కాదే. నువ్వూ ఏస్తాండావా?"

"నువ్వు మర్సిపోయింటావని..."

"ఒక్క దినం గూడా మర్సిపోలా" అంది మహిమ. డబ్బా మూత గట్టిగా బిగించింది.

సోమవారం సాయంత్రం కృపమణి వచ్చేసరికి పొయ్యి వెలిగించి లేదు. మహిమ గడప మీద పుస్తకం పట్టుకుని కూర్చుంది.

"సంగటి చెయ్యలేదేం పాపా?"

"నువ్వెట్లాగూ మళ్ళా చేస్తావు గదా. నేనెందుకు?"

కోపం ముంచుకొచ్చింది గానీ అరిచే ఓపిక లేదు. కృపమణి గోడకు చేరగిలబడింది. నిజానికి ఆమె భయం వేరు. తన చేతి పని పిల్లకు అక్కర్లేకపోతే, ఈ ఇంట్లో తాను కూలి తెచ్చే మనిషిగానే మిగిలిపోతుంది. ఆ సంగతి ఒప్పుకున్నాక ఇంకాస్త నీరసమొచ్చింది. అయినా ఆ పని తిరిగి తీసుకుని మళ్ళీ మూడింటికి లేచే శక్తి ఇక లేదు.

"నాకు చేత కాలేదు పాపా. శానా అలసిపోయినా. నువ్వే చెయ్యి, నేను లేసి రాను."

"నిజంగా?"

"నిజంగా."

మహిమ లేచి బియ్యం కొలిచి, పిడికెడు తీసి డబ్బాలో వేసింది. చిన్న పిడికిలి, నాలుగు గింజలు కింద రాలాయి. కృపమణి చేయి దానంతటదే లేవబోయింది. దాన్ని తొడ కింద పెట్టుకుని కూర్చుంది.

"ఎట్లుండాది మా?" అంది మహిమ పళ్ళెం ముందు పెట్టి.

"గడ్డలుండాయి" అంది కృపమణి, తింటూనే.

"రేపు ఇంగొంచేపు మగ్గనిస్తా."

కృపమణి పళ్ళెం అక్కడే వదిలి చాప మీద వాలింది. మహిమ గిన్నెలు తోముతున్న చప్పుడు వింటూనే నిద్రపోయింది.

మెలకువ వచ్చేసరికి ఐదున్నర. గడప దగ్గర క్యారియర్ కట్టి ఉంది. పైనున్న మజ్జిగ గిన్నె మూత వంకరగా పెట్టింది మహిమ. కృపమణి దాన్ని సరిచేయకుండానే క్యారియర్ ఎత్తుకుని ఆటో ఎక్కింది. చేను చేరేదాకా మజ్జిగ చుక్కలు పాదాల మీద పడుతూనే ఉన్నాయి. ఆమె మూత ముట్టుకోలేదు.