ఉగ్గుగిన్నె కొలిచిన ఆకలి

నేను ఒక వెండి ఉగ్గుగిన్నెను. అరచేతిలో ఇమిడే ఒళ్ళు, ఒక పక్కకి సాగిన ముక్కు, అంతే నా అందం. మాణిక్యమ్మకి తొలిచూలు నిలిచినప్పుడు ఆమె కాళ్ళ కడియాలు కరిగించి తణుకులో ఒక కంసాలి నన్ను చేశాడు. కాళ్ళ దగ్గర పడి ఉండే వెండి నోటి దాకా చేరింది. మా జాతిలో ఇంత త్వరగా పైకి వచ్చినవాళ్ళు తక్కువ.

పుట్టిన పిల్ల పేరు హైమావతి. దానికి నేను చాలా పోశాను. చాపిన కాళ్ళ మీద పిల్లని పడుకోబెట్టుకుని, నా ముక్కు దాని నోట్లో పెట్టి, మాణిక్యమ్మ ఉగ్గు పట్టేది. కడుపు నిండగానే పిల్ల పెదవులు బిగించి మొహం పక్కకి తిప్పేసేది. కానీ మాణిక్యమ్మకి గిన్నె ఖాళీ అయితేనే తృప్తి. ఇది తాతయ్యది, ఇది మావయ్యది, ఇది పక్కింటి పిన్నిది అంటూ బంధువులందరినీ వరసపెట్టి పిలిచి మిగిలింది కూడా పోసేసేది. కొన్నాళ్ళకి పిల్ల మొహం తిప్పడం మానేసింది. పిల్లకి తిండి వంటబట్టిందని ఇల్లంతా మురిసిపోయింది. నేనూ మురిశాను. ఆ తప్పులో నాకూ వాటా ఉంది.

తరవాత హైమావతి కూతురు ప్రవల్లికకి కూడా నాతోనే ఉగ్గు పట్టారు. ఆ పని తీరాక నాలో కుంకుమ పోసి దేవుడి గూట్లో పెట్టారు. అవసరం తీరిన వస్తువుని దేవుడి పక్కన పెట్టేస్తే దానికి మర్యాద చేసినట్టేనని మనుషుల నమ్మకం. ఇరవై ఏళ్ళు ఆ మర్యాద అనుభవించాను.

ఈలోగా హైమావతి బస్టాండు దగ్గర కర్రీ పాయింట్ పెట్టింది. ఆమె గుత్తివంకాయ కోసం పక్క ఊళ్ళ నుంచి కూడా వచ్చేవారు. ఉప్పు చూడటానికని అరచేతిలో పోసుకున్న పులుసు, అందులోకని నాలుగు ముద్దల అన్నం, ఇలా పొద్దుటి నుంచి తింటూనే ఉండేది. నలభై ఆరేళ్ళకి మోకాళ్ళు మొరాయించాయి, షుగరు వచ్చింది, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. చివరికి ఒళ్ళు తగ్గడానికని డాక్టర్లు ఆపరేషన్ చేసి, లోపల జీర్ణాశయం పైభాగాన ఒక పట్టీ బిగించారు. దాని పైన మిగిలిన చిన్న తిత్తిలో కొంచమే పడుతుందట. ఎంత పడుతుందో చెప్పడానికి డాక్టరు చేతులు తిప్పారటగానీ, నన్ను చూపిస్తే సరిపోయేది.

మొదటి వారం చూడలేకపోయాను. కుట్లు సలిపేవి, గ్యాసు పైకి తన్ని భుజం పీకేసేది. ఒక మధ్యాహ్నం దాహం ఆగక, అలవాటు కొద్దీ మజ్జిగ గ్లాసు ఎత్తి గటగటా పోసుకుంది. మరుక్షణం గుండె మీద బండ పెట్టినట్టయి, గోడ పట్టుకుని నిలబడిపోయింది. కళ్ళలో నీళ్ళు, నోట్లోంచి నురగ. మాణిక్యమ్మ దేవుడి గూటి దగ్గరకి వచ్చింది. నాలో కుంకుమ వంపేసి, చింతపండుతో తోమి, మజ్జిగ పోసి కూతురి చేతికిచ్చింది.

నలభై ఆరేళ్ళ మనిషి ఉగ్గుగిన్నె పట్టుకోవడమేమిటని హైమావతికి నవ్వొచ్చింది. నవ్వితే కుట్లు లాగాయి. అయినా నా ముక్కులోంచి సన్నని ధార తప్ప రాదు కనుక, ఆ పూట మజ్జిగ నొప్పి లేకుండా దిగింది.

అప్పటి నుంచి ఆమె పట్టుదల చూశాను. మెత్తటి జావ నాతో కొలుచుకునేది. ముద్ద నోట్లో పెట్టి ఇరవై సార్లు నమిలేది, తినేటప్పుడు నీళ్ళ జోలికి పోయేది కాదు. చుట్టూ పది రకాల కూరలు ఘుమఘుమలాడుతుంటే గరిటె చివర నాలుకకి తాకించి ఉప్పు చెప్పేసేది. ఎన్నో చేతులు చూశాను గానీ, వండినదంతా ఊరికి పెట్టి తనకి నాలో పట్టినంతే ఉంచుకున్న చెయ్యి ఇదొక్కటే.

ఒక్కసారి ఓడిపోయింది. ఆడపడుచు ఇంట్లో భోజనం. చేతిసంచిలో నేనున్నాను, కానీ అందరి ముందూ తీయడానికి సిగ్గుపడింది. వడ్డించిన కోడికూర చాలనడానికి మొహమాటపడింది. ఆడపడుచు ఇంకో ముక్క వేసింది. అది పట్టీ దగ్గర ఇరుక్కుని కిందకి దిగదు, పైకి రాదు. పెరట్లో కూర్చుని అరగంట కక్కింది. ఇంటికొచ్చాక భర్తతో, "ఈ పట్టీ తీయించేసుకుంటానండీ. నావల్ల కాదు," అంది.

ఆయన "నీ ఇష్టం. కానీ ఇవాళ బాధపెట్టింది పట్టీ కాదే, మొహమాటం," అన్నాడు.

ఆ మాట హైమావతికి గుచ్చుకుంది. మర్నాడు పొద్దున్నే నన్ను కడిగి జావ పోసుకుంది. పది రోజుల తరవాత మళ్ళీ అదే ఇంటికి వెళ్ళి, అందరి ముందూ నన్ను ఆకు పక్కన పెట్టి, "వదినా, నా కడుపు ఇంతే," అని చెప్పింది. ఎవరూ నవ్వలేదు. నేను గర్వంతో మెరిశాననే అనుకుంటున్నాను.

ఏడాది తిరిగేసరికి మెట్లు ఎక్కగలిగింది. అప్పుడే ప్రవల్లిక పురిటికొచ్చి కొడుకుని కంది. ఆరో నెలలో అన్నప్రాశన అయ్యాక పిల్లాడికి నేను కావలసి వచ్చాను. నేను లేకపోతే మళ్ళీ చెయ్యి జారుతుందేమోనని హైమావతి భయపడింది. రెండు రోజులు ఇవ్వలేదు. మూడో రోజు నన్ను తనే వేడినీళ్ళలో మరిగించి తల్లికిచ్చింది.

మాణిక్యమ్మ పాత పద్ధతిలోనే కాళ్ళు చాపుకుని మునిమనవడికి ఉగ్గు పట్టింది. సగం అయ్యేసరికి పిల్లాడు పెదవులు బిగించి మొహం తిప్పేశాడు. ఇక తాతయ్యలూ మావయ్యలూ బయల్దేరతారు.

"ఇది అమ్మమ్మది, ఇంకొక్క గుక్క," అంది మాణిక్యమ్మ.

హైమావతి వంటింట్లోంచి వచ్చి తల్లి చెయ్యి పట్టుకుంది. "వద్దమ్మా. చాలంటున్నాడు."

"గిన్నెలో ఇంకా ఉందే."

"ఉండనీ."

మాణిక్యమ్మ నన్ను చూసింది, కూతుర్ని చూసింది. "నువ్వూ ఇలాగే మొహం తిప్పేసుకునేదానివి," అంది మెల్లిగా. "నేనే ఊరుకునేదాన్ని కాదు."

హైమావతి ఆమె భుజం మీద చెయ్యి వేసి, పిల్లాడి మూతి తుడిచి, నన్ను తీసుకెళ్ళి గట్టు మీద పెట్టింది.

నేను పుట్టాక మొదటిసారి నాలో కాస్త ఉగ్గు మిగిలింది.