మల్లుగుడ్డ వెనక స్పీకరు

బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో ఫిట్టరు జీవరాజు ఆ ఏడు క్రిస్మస్‌కు చర్చిలో కరెంటు గిటారు వాయిస్తానని మాటిచ్చాడు. హార్మోనియం వాయించే పెద్దమనిషి సీమోను ఒప్పుకున్నాడు గానీ, ఆ స్పీకరు పెట్టె ఒక్కసారి గురగురమన్నా తన హార్మోనియం వచ్చి అక్కడ కూర్చుంటుందని ముందే చెప్పాడు.

స్పీకరుకు టేకు పెట్టె తయారైంది. ముందు పలకకు గుండ్రటి రంధ్రం, దాని మీదికి గుడ్డ. ఆ గుడ్డ భార్య యేసమ్మది. పెళ్లికి ముందు కాలేజీ హాస్టల్లో కూర్చుని పల్చటి మల్లుగుడ్డ మీద ద్రాక్షతీగ కుట్టుకుంది. పండుగనాడు అందరూ చూస్తారు కదా అని మురిసిపోయి ఇచ్చింది. ఇచ్చిన మర్నాడే నిజామాబాదు నుంచి ఆమె తమ్ముడు దేవదాసు దిగాడు. అతనిది రేడియోలు బాగుచేసే పని.

స్పీకరును పలకకు ముందు నుంచి బిగించాలని బావ, వెనక నుంచి బిగించాలని బామ్మర్ది. ముందు బిగిస్తే రంధ్రం అంచు అడ్డం రాక శబ్దం సూటిగా వస్తుందట. వెనక బిగిస్తే కాస్త మెత్తబడుతుంది గానీ, గుడ్డను ఒకసారి మేకులతో కొడితే మళ్లీ ముట్టుకునే పనిలేదట. యేసమ్మ చెవికి ఆ చివరి మాట ఒక్కటే ఎక్కింది.

రెండూ విని చూద్దామన్నారు. స్పీకరు ఒక్కటే. ముందుకు మార్చినప్పుడల్లా గుడ్డ మేకులు పీకాలి, పీకినప్పుడల్లా తీగలో ఒక ఆకు చిరగాలి. పైగా ఇటుది అటు బిగించేసరికి ఇందాకటి శబ్దం ఎట్లా ఉందో ఇద్దరికీ గుర్తుండదు. జీవరాజు మాత్రం ముందుదే నయమని గట్టిగా అనేవాడు.

"బావా, నీ చెవులకు ఫ్యాక్టరీ సైరన్ తప్ప ఇంకేం ఇనబడ్తది?" అన్నాడు దేవదాసు.

చివరికి తీర్పు యేసమ్మకు అప్పగించి, పెట్టె కనబడకుండా వంటింట్లో కూర్చోబెట్టారు. కనబడాల్సిన పనేముంది? మేకులు పీకుతున్న చప్పుడు ఆమె గుండెకే తెలుస్తుంది. మొదట ముందు నుంచి బిగించి వాయించారు. గిటారు తీగె మోత పొయ్యి దగ్గరికే వచ్చి నిలబడినట్టుంది. తర్వాత వెనక నుంచి. దుప్పటి కప్పుకొని పాడినట్టుంది.

యేసమ్మ చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చింది.

"రెండోదే మంచిగున్నది."

జీవరాజు ఆమె ముఖం చూశాడు, గుడ్డను చూశాడు, పెట్టెకు వెనక మూత బిగించేశాడు.

పండుగనాడు చర్చిలో పెట్టె వెనక మూతకు ఆనించి స్త్రీల సమాజంవాళ్లు వరిగడ్డి పాక కట్టారు. అందులో మట్టి గొర్రెలు, కాపరులు, బాలయేసు. మొదటి పాట మధ్యలోనే పెట్టె గురగురమంది. ఊడదీసి బిగించీ బిగించీ స్క్రూల రంధ్రాలు వదులైపోయాయి. బిగించాలంటే వెనక మూత తీయాలి, దానికి బాలయేసును లేపాలి. సీమోను అప్పుడే హార్మోనియం మీది గుడ్డ తీస్తున్నాడు.

యేసమ్మ కొంగు తలమీద కప్పుకొని లేచి వెళ్లి ద్రాక్షతీగ మీద అరచేయి అదిమింది. గురగుర ఆగింది. చేయి తీస్తే మళ్లీ మొదలు. ఇక అట్లాగే కళ్లు మూసుకొని నిలబడింది. రెండో పాటకు స్త్రీల సమాజం శారమ్మ కూడా వచ్చి భక్తిగా చేయి పెట్టింది. మూడో పాటకు పెట్టె ముందు వరుస కట్టారు. ఈ సహోదరి భక్తిని బట్టి పాస్టరుగారు ప్రత్యేకంగా స్తోత్రం చెల్లించారు. సీమోను హార్మోనియం మూసి తనూ వరుసలో నిలబడ్డాడు.

పెట్టెతో ఇంటికి రాగానే యేసమ్మ స్క్రూలు తిప్పే పేచ్‌కస్ తెచ్చి మొగుడికి అందించింది.

"ముంగటికెళ్లే బిగించుండ్రి."

"గుడ్డ మీద పానమున్నదని చెప్పరాదా? ఉత్తగ చెవుల మీద పెట్టినవ్," అన్నాడు జీవరాజు. మేకులు ఒక్కొక్కటే మెల్లగా తీసి, గుడ్డ మడిచి ఆమె చేతికిచ్చి, పెరట్లోకి వెళ్లి బొగ్గులు పోసుకున్న పాత చక్కెర గోనెసంచి దులుపుకొచ్చాడు.

ఆ తర్వాతి ఆదివారం స్పీకరు గోనెపట్టా వెనక నుంచి ఖంగుమంది. దాని మీద చక్కెర బస్తా ముద్ర తలకిందులుగా ఉంది. పాట పాడుతున్నంతసేపూ సీమోను మెడ వంచి అదే చదువుతున్నాడు.