నలభై మందికి ఒక టోకెను

ఏడు నెలలుగా నేను ఎడిట్ చేస్తున్న సినిమాలోంచి ఒక మనిషి మాయమైంది.

సాయంత్రం ఆరింటికి ప్రదర్శన. మా ఆయన వేసుకోవాల్సిన చొక్కా ఇస్త్రీ చేస్తూ, హాలుకు పంపాల్సిన ఫైలును పక్కనున్న కంప్యూటరులో చివరిసారి చూసుకుంటున్నాను. బట్టల కంపెనీలో ఇస్త్రీ పని చేసే అక్క తెర మీదికొచ్చి కూర్చుంది. గొంతు సవరించుకుంది. ఇక మాట్లాడాలి. మాట్లాడలేదు. ఆమె ఉండాల్సిన చోట కంపెనీ పెద్దాయన పూలమొక్కలకు నీళ్లు పోస్తున్నాడు, వెనకాల వేణువు. కాలరు కమురు వాసన వచ్చేదాకా ఇస్త్రీపెట్టె ఎత్తాలని తోచలేదు. నిడివి చూశాను. యాభై రెండు నిమిషాలు ఉండాల్సింది, నలభై ఒకటే ఉంది.

ఆ పదకొండు నిమిషాలు మా వంటింట్లోనే తీశాం. అంతకుముందు మూడు నెలలు ఆమె ససేమిరా అంది. "నోరు తెరిస్తే పని పోతుంది మేడమ్. మీకేం, కెమెరా సర్దుకుని వెళ్లిపోతారు" అంది. నేనే వెంటపడ్డాను. నువ్వు చెప్పింది చెప్పినట్టు ఉంటుందక్కా, ఒక్క మాట పోదు, నాదీ పూచీ అన్నాను. ఆ రోజు మంచినీళ్లిస్తే గ్లాసు పట్టుకుని కూర్చుందే కానీ తాగలేదు. ఎందుకని అడిగితే అసలు సంగతి బయటికొచ్చింది. వాళ్ల సెక్షనులో నలభై మంది ఆడవాళ్లు. బాత్రూముకు వెళ్లాలంటే సూపర్‌వైజరు దగ్గర టోకెను తీసుకుని మెళ్లో వేసుకోవాలి. ఉన్నది ఒకటే టోకెను. "అందుకని నీళ్లు తాగడం మానేశాం. ఇప్పుడు ఇంట్లో ఉన్నా దాహం వెయ్యదు" అని నవ్వింది. ఆమె కెమెరా ముందు కూర్చుందని సూపర్‌వైజరుకు ఇప్పటికే తెలుసు. తన మాట పదిమందీ వింటే ఇక తనను ముట్టుకోరని ఆమె ధైర్యం. ఆ ధైర్యంతోనే తోటివాళ్లు ఎనిమిదిమందిని వెంటబెట్టుకుని సాయంత్రం వస్తోంది.

సినిమాకు డబ్బు ఆ కంపెనీదే. తమ దగ్గర పనిచేసే ఆడవాళ్లు ఎంత ఎదిగారో చూపించమన్నారు. కాబట్టి దొంగ ఎవరో వెతుక్కోనక్కర్లేదనుకున్నాను. కంపెనీలో ప్రచారం చూసే మేడమ్‌కు ఫోన్ చేసి, ఆ పదకొండు నిమిషాలు ఎందుకు తీయించారని సూటిగా అడిగాను.

"ఏ పదకొండు నిమిషాలండీ? మీవారు పంపిందే నలభై ఒక్క నిమిషాలు. మా పెద్దాయన చూసి కళ్లు తుడుచుకున్నారు కూడా. ఒక్క ముక్క మార్చమనలేదు. ఇంతకీ మీరు సినిమాకి ఏమవుతారు?"

మంచి ప్రశ్నే అడిగింది. నేనూ మా ఆయనా ఒకే క్లాసులో సినిమా నేర్చుకున్నాం. పెళ్లయ్యాక దర్శకత్వం ఆయనది, ఎడిటింగ్ నాది. ఇంటిపట్టున ఉండి చేసుకునే పని కదా అని. తెర మీద నా పేరు చిట్టచివర కృతజ్ఞతల్లో వస్తుంది, వ్యాను డ్రైవరుకూ మా అత్తగారికీ మధ్యన. "కూర్చుని బొమ్మలు అతికించడమేగా, లేచినప్పుడు ఆ బట్టలు కూడా మడతపెట్టెయ్యమ్మా" అంటుందావిడ. పోయిన నెల ఆవిడ కాలు బెణికి ఆస్పత్రిలో ఉంటే అయిదు రోజులూ నేనే ఉన్నాను. "నువ్వు పక్కనుంటేనే అమ్మకి ధైర్యం. సినిమా సంగతి నేను చూసుకుంటాగా" అన్నాడు మా ఆయన. నేను ఇంటికొచ్చేసరికి సినిమా కంపెనీకి పంపేశానన్నాడు. ఎంత బాగా అర్థం చేసుకుంటాడో అని ఆస్పత్రి బల్ల మీద పడుకుని మురిసిపోయాను.

అక్క మాట తెగిపోయిన ఆ అతుకు మళ్లీ విన్నాను. నేను కోసిన చోట మనిషి ఊపిరి వినిపిస్తుంది. ఊపిరి ఎక్కడ ఆగుతుందో పట్టుకోలేనివాళ్లు అతుకు కనపడకుండా సంగీతం పరుస్తారు. క్లాసులో ఉన్నప్పటినుంచీ మా ఆయన పరిచేది వేణువే.

నా డిస్కులోంచి ఆ పదకొండు నిమిషాలూ తీసి, ఉన్నచోటే పెట్టాను. కొత్త ఫైలు తయారవగానే నేరుగా హాలువాళ్లకు వెళ్లేలా సర్దాను. ముప్ఫై అయిదు నిమిషాలు పడుతుందంది కంప్యూటరు.

మా ఆయన తల తుడుచుకుంటూ వచ్చాడు. "చొక్కా అయిందా?"

"కాలింది."

"ఇవాళే కాలాలా? నీకసలు ధ్యాస..." అంటూ తెర మీద అక్క మొహం చూసి ఆగిపోయాడు.

బల్ల మీది మైకును ఆయన వైపు తిప్పి, ఎర్ర దీపం ఆయనకు కనపడేలా పెట్టాను. "అందరినీ అడిగినట్టే నిన్నూ అడుగుతున్నాను. ఏం పని చేస్తావో చెప్పి మొదలుపెట్టు."

"తమాషాగా ఉందా? కంపెనీవాళ్ల ఒత్తిడి ఎలా ఉంటుందో నీకేం తెలుసు?"

"ఇప్పుడే మాట్లాడాను వాళ్లతో."

ఆ తర్వాత నేనేమీ అనలేదు. ప్రశ్న అడిగాక నోరు మూసుకు కూర్చోవాలని మాకు క్లాసులో నేర్పారు. ఏడు సెకన్లకు మించి మౌనాన్ని ఎవరూ భరించలేరట. ఆ కిటుకు ఆయనకూ తెలుసు. తెలిసీ అయిదో సెకనుకే కుర్చీలో కూలబడ్డాడు.

"మైకు ఆపు... సరే, ఆపకు. వాళ్లేం అడగలేదు. అడిగితే కాదనలేనని నాకు తెలుసు, అందుకే అడక్కముందే తీసేశాను. నా అంతట నేనే తీసేస్తే కాస్త మర్యాదగా ఉంటుందనిపించింది. ఆవిడ గురించి భయపడలేదు. తెర మీద మొహం కనిపిస్తే చాలు, సంతోషంగా వెళ్లిపోతుందిలే అనుకున్నాను. భయమంతా నీతోనే. నువ్వు ఇంట్లో ఉంటే ఒక్క సెకను కూడా కొయ్యనివ్వవు. డాక్టరు రెండోరోజే అమ్మని ఇంటికి తీసుకెళ్లిపోమన్నాడు. ఇంకేవో పరీక్షలున్నాయని నీకు చెప్పి, ఇంకో మూడు రోజులు ఉంచమని నేనే ఆయన్ని బతిమాలాను. ఆ కోత నీకైతే పది నిమిషాల పని. నాకు మూడు రోజులు పట్టింది."